మసక చూపుతో 37 ఏండ్ల సంగీత పరిచర్య
(నోత్రదామ్ ఆర్గనిస్టు లూయీ వియెర్న్ జీవితము, రచనలు)



మన డయాసిస్ నూరు సంవత్సరములు పూర్తి చేసికొన్న ఈ శుభ సమయమున బిషప్పులను, మిషనెరీలను, ఉపదేశకులను, బైబిలు స్త్రీలను కృతజ్ఞతతో తలంచుకొనుచున్నాము. అది ఎంతో యుక్తము. అయితే ప్రతి ఆదివారము మన ఆరాధనలో మరియొక తరగతి సేవకులు కనబడుదురు. వారు ప్రసంగ వేదిక ఎక్కరు, ప్రార్థన నడిపింపరు. మొదటి కీర్తనకు ముందే వచ్చి శ్రుతి సరిచూచుకొందురు. ఆశీర్వాదము ముగిసి జనులు చెప్పులు వెదకికొనుచుండగా ఇంకను వాయించుచునే ఉందురు. వారి పేరులు సంఘ చరిత్రలలో అరుదుగా కనబడును.

అట్టి సేవకులలో ఒకని జీవితమును మేము ఈ వ్యాసములో చెప్పదలచితిమి. ఆయన మన దేశస్థుడు కాడు, మన సంఘశాఖకు చెందినవాడును కాడు. ఆయన ఫ్రాన్సు దేశపు రోమన్ కతోలిక ఆర్గనిస్టు. పేరు లూయీ వియెర్న్. లోకములో ఎక్కడ పైపు ఆర్గన్ ఉన్నదో అక్కడ ఆయన సంగీతము నేటికిని వినబడుచున్నది. కన్ను, కాలు, కాపురము, కన్నబిడ్డలు ఒకదాని వెంట ఒకటిగా దెబ్బతిన్నను, ఆరాధనలో తనకు అప్పగింపబడిన చోటును విడువని మనిషి ఆయన. ఆయనను పరిశుద్ధుడని పొగడుటకు మేము వ్రాయుట లేదు. ఇంతగా నలిగిన మనిషి చేతి పనిని దేవుని మందిరము ఎట్లు స్వీకరించినదో చూచుటకే వ్రాయుచున్నాము.

బాల్యము

లూయీ వియెర్న్ 1870 అక్టోబరు 8వ తేదీన ఫ్రాన్సులోని ప్వాతియే పట్టణమున జన్మించెను. తండ్రి పత్రికా రచయిత. బిడ్డ పుట్టుకతోనే రెండు కన్నులలోను శుక్లములతో పుట్టెను. చూపు దాదాపు లేనట్లే. కాని చెవి మాత్రము అసాధారణమైనది. రెండేండ్ల ప్రాయమున ఎవరో పియానో మీద షూబర్ట్ రచించిన లాలిపాట వాయించగా విని, ఆ పసివాడు తానే మెట్లు తడవుకొనుచు ఆ స్వరములను వెదకి పట్టుకొనెనని చెప్పుదురు.

ఆరేడు సంవత్సరముల వయస్సులో వైద్యులు శస్త్రచికిత్స చేయగా కొంచెము మసక చూపు కలిగినది. మనుష్యుల ఆకారములను గుర్తుపట్టుటకును, ఒంటరిగా నడచుటకును, చాల పెద్ద అక్షరములను కన్నులకు దగ్గరగా పెట్టుకొని చదువుటకును ఆ చూపు చాలెను. జీవితమంతయు ఆయనకు కలిగిన వెలుగు అంతే.

ఆయన బంధువు షార్ల్ కోలాన్ పారిస్ కన్సర్వేటరీ అను ప్రసిద్ధ సంగీత కళాశాలలో ఓబో వాద్యమునకు ఆచార్యుడు. ఈ బాలునిలోని వరమును మొదట గుర్తించినది ఆయనే. పదేండ్ల వయస్సున ఈ బాలుడు పారిస్‌లోని సాంత్ క్లోతిల్ద్ దేవాలయమునకు వెళ్ళి అక్కడ ఆర్గనిస్టుగా ఉన్న సెజార్ ఫ్రాంక్ వాద్యమును వినెను. ఆ అనుభవము ఆయన జీవిత మార్గమును నిర్ణయించినది.

అంధ విద్యార్థుల పాఠశాల, గొప్ప గురువులు

పారిస్‌లో అంధ బాలబాలికలకొరకు జాతీయ విద్యాలయమొకటి కలదు. చుక్కల లిపిని కనిపెట్టిన లూయీ బ్రెయిల్ చదివినదియు, తరువాత ఉపాధ్యాయుడుగా పని చేసినదియు అక్కడనే. ఆ విద్యాలయము అంధ విద్యార్థులకు సంగీతము నేర్పి దేవాలయములలో ఆర్గనిస్టులుగా సిద్ధపరచుచుండెను. గ్రుడ్డివారికి భిక్షాపాత్రయే గతి అని లోకము తలంచిన దినములలో, సంఘ ఆరాధనలో వారికి గౌరవమైన చోటు కలదని చూపిన సంస్థ అది. వియెర్న్ అక్కడ పియానో, వయొలిన్, ఆర్గన్ అభ్యసించెను.

ఆ విద్యాలయపు పరీక్షలకు వచ్చుచుండిన ఫ్రాంక్ ఈ విద్యార్థిని గమనించి ప్రత్యేకముగా పాఠములు చెప్పెను. 1890లో వియెర్న్ కన్సర్వేటరీలో ఫ్రాంక్ తరగతిలో ప్రవేశించెను. కాని కొలది వారములకే, నవంబరు 8న, ఫ్రాంక్ మరణించెను. తండ్రిని ఇంతకుముందే, 1886లో, పోగొట్టుకొన్న యువకునికి ఇది రెండవసారి తండ్రిని పోగొట్టుకొనుట వంటిది.

ఫ్రాంక్ స్థానమునకు వచ్చినవాడు సాన్ సుల్పీస్ దేవాలయపు ఆర్గనిస్టు షార్ల్ మరీ విదోర్. ఫ్రాంక్ మృదు స్వభావుడు, విదోర్ కఠిన శిక్షకుడు. వ్రేళ్ళ కదలిక, పాదముల కదలిక, పీట మీద కూర్చుండు తీరు అన్నియు ఆయన మొదటినుండి తిరిగి నేర్పెను. మొదట విద్యార్థులకు ఇది కష్టముగా నుండెను గాని వియెర్న్ దానికి లోబడెను. 1892లో విదోర్ ఆయనను సాన్ సుల్పీస్‌లో తన సహాయకునిగా చేసికొనెను. 1894లో వియెర్న్ ఆర్గన్ వాద్యములో కన్సర్వేటరీ ప్రథమ బహుమతి పొందెను. విదోర్ తరువాత ఆ తరగతికి వచ్చిన అలెగ్జాండర్ గిల్మాన్ యొద్దను ఆయన సహాయ ఉపాధ్యాయుడుగా పని చేసెను.

నోత్రదామ్ పీట

పైపు ఆర్గన్‌ను చూడనివారికొరకు ఇక్కడ కొన్ని మాటలు చెప్పవలెను. మన హార్మోనియంలో తిత్తి గాలి సన్నని లోహపు రేకులను కదిలించి స్వరము పుట్టించును. పైపు ఆర్గన్‌లో తిత్తుల గాలి వేలకొలది గొట్టములలోనికి పోవును. పెన్సిలంత చిన్న గొట్టములును ఉండును, తాటిచెట్టువలె నిలువెత్తు మించినవియు ఉండును. చేతులకొరకు మెట్ల వరుసలు ఒకదాని మీద ఒకటి అమర్చియుండును. పాదములకొరకు క్రింద వేరొక మెట్ల వరుస ఉండును. ఏ గొట్టముల గుంపు పలుకవలెనో నిర్ణయించుటకు స్టాపులు అను పిడులు లాగవలెను. ఫ్రాన్సు పెద్ద దేవాలయములలో సాధారణముగా రెండు ఆర్గన్‌లు ఉండును. గాయకబృందముతో పాడుటకు ముందు భాగమున చిన్నది, ప్రజల వెనుక పశ్చిమ ద్వారముపై ఎత్తైన మాళిగలో పెద్దది. పెద్ద ఆర్గన్ వాయించువాడు ప్రజలకు కనబడడు.

పారిస్‌లోని నోత్రదామ్ ప్రధాన దేవాలయ నిర్మాణము 1163లో ఆరంభమైనది. అందలి పెద్ద ఆర్గన్‌ను అరిస్తీద్ కవాయే కోల్ అను నిపుణుడు 1868లో పునర్నిర్మించెను. దానికి ఐదు చేతి మెట్ల వరుసలు, 86 స్టాపులు ఉండెను. 1900లో అక్కడి ఆర్గనిస్టు స్థానము ఖాళీ కాగా పోటీ పరీక్ష జరిగెను. 1900 మే 21న వియెర్న్ ఎన్నుకొనబడెను. అప్పటికి ఆయన వయస్సు 29 ఏండ్లు. అది మొదలుకొని మరణ దినమువరకు, అనగా 37 సంవత్సరములు, ఆ స్థానము ఆయనదే.

ఆ స్థానమునకు కీర్తి గొప్పది, జీతము అల్పము. పాఠములు చెప్పి, కచేరీలు చేసి కుటుంబమును పోషించుకొనవలసి వచ్చెను. పూజలో ఆర్గనిస్టు పని ఎక్కువగా అప్పటికప్పుడు అల్లి వాయించుటయే. గాయకులు పాడిన పురాతన రాగమును పట్టుకొని, కానుకలు అర్పించు సమయమునకు, ప్రభువు బల్ల సమయమునకు, ఊరేగింపునకు తగినట్లు ఎప్పటికప్పుడు దానిని పెంచి అల్లవలెను. వియెర్న్ ఈ విద్యలో ఆ కాలమున ప్రసిద్ధుడు. 1928లో ఆయన అల్లిన మూడు వాద్యములు గ్రామఫోను రికార్డులకు ఎక్కినవి. తరువాత ఆయన శిష్యుడు మోరిస్ ద్యురుఫ్లే ఆ రికార్డులను వినుచు స్వరము వెంట స్వరము కాగితముపై వ్రాసి, 1954లో ప్రచురించెను. గాలిలో కలిసిపోవలసిన ఆరాధన సంగీతము గురుభక్తివలన అట్లు నిలిచినది.

ఆయన రచనలు

వియెర్న్ రచనల క్రమ సంఖ్య 62 వరకు చేరినది. వానిలో ముఖ్యమైనవి ఆర్గన్‌కొరకు వ్రాసిన ఆరు సింఫనీలు. మొదటిది 1899లోను, ఆరవది 1930లోను పూర్తియైనవి. ఆరును మైనర్ శ్రుతులలో, అనగా విషాదచ్ఛాయగల స్వరక్రమములలో, ఆరంభమగును. అయితే మొదటి సింఫనీ చివరి భాగమును, ఆరవ సింఫనీ చివరి భాగమును మేజర్ శ్రుతిలో ఆనందముతో ముగియును. మొదటి సింఫనీ చివరి భాగము నేటికిని పండుగ ఆరాధనల ముగింపున లోకమంతట వాయింపబడుచున్నది.

గాయకబృందముకొరకు ఆయన వ్రాసిన గొప్ప రచన గంభీర పూజా సంగీతము. గాయకులతో రెండు ఆర్గన్‌లు కలిసి పలుకునట్లు దానిని కూర్చెను. 1901లో సాన్ సుల్పీస్‌లో గురువు విదోర్, శిష్యుడు వియెర్న్ ఇద్దరును చెరియొక ఆర్గన్ యొద్ద ఉండి దానిని మొదటిసారి వినిపించిరి. ప్రభువు కనికరమును వేడుకొను భాగము, మహిమ గీతము, పరిశుద్ధ గీతము, దేవుని గొఱ్ఱెపిల్ల గీతము అందులో ఉన్నవి. మన ఆరాధన క్రమములో మనము పలుకు భాగములే అవి. ముందునుండి ఒక ఆర్గన్ మెల్లగా అడుగగా, వెనుకనుండి మరియొకటి ఉరుమువలె బదులిచ్చును. నడుమ కూర్చున్న ప్రజలు ఆ మొఱకును ఆ జవాబునకును మధ్య ఉందురు.

1926, 1927 సంవత్సరములలో 24 భావచిత్రముల వంటి రచనలను నాలుగు సంపుటములుగా వెలువరించెను. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ గడియారపు గంటల నాదముపై అల్లిన ప్రసిద్ధ రచన వీనిలోనిదే. 1934లో మృతులకొరకైన పూజకు తగిన నిరాడంబర సంగీతమును వ్రాసెను. అదే ఆయన రచనల వరుసలో చివరి సంఖ్య గలది.

హార్మోనియంకొరకు వ్రాసిన 24 రచనలు

మన పాఠకులు ప్రత్యేకముగా తెలిసికొనవలసిన పుస్తకమొకటి కలదు. 1913లో ఆయన 24 చిన్న రచనలను కూర్చెను. వానిని ఆర్గన్ మీదనైనను, హార్మోనియం మీదనైనను వాయించుటకు వీలుగా వ్రాసెను. పాదములతో వాయించు మెట్లు తప్పనిసరి కావు. ఒక్కొక్కటి కానుకలు ఎత్తు సమయమునకు సరిపడు నిడివి గలది. 24 శ్రుతులలో 24 రచనలు ఉన్నవి. వానిలోని జోలపాటను తన చిన్న కుమార్తె కొలెత్‌కు అంకితము చేసెను.

ఐదు వరుసల మహావాద్యము తన చేతి క్రింద ఉన్నవాడు, గొట్టముల ఆర్గన్ కొనలేని పల్లెటూరి గుడులకొరకు ఇంత శ్రద్ధతో ఎందుకు వ్రాసెను? అట్టి గుడులలోను ఆరాధన జరుగుననియు, అచ్చట వాయించువానికిని మంచి సంగీతము కావలెననియు ఆయన ఎరిగియుండెను. వానిని తేలిక పనిగా ఎంచలేదు. ఆయన రచనలలో ఎక్కువగా వాయింపబడునవి కొన్ని ఈ పుస్తకములోనివే.

హార్మోనియం పుట్టినది కూడ పారిస్‌లోనే. అలెగ్జాండర్ దెబేన్ అను ఆయన 1842లో దానికి పేటెంటు పొందెను. ఆ వాద్యము మిషనెరీల వెంటను, వర్తకుల వెంటను మన దేశమునకు వచ్చెను. నేలమీద కూర్చుండి ఒక చేతితో తిత్తి వేయుచు మరియొక చేతితో వాయించుటకు వీలుగా కలకత్తా వాద్య నిర్మాతలు 19వ శతాబ్ది చివరి భాగమున దానిని మార్చిరి. నేడు మన తెలుగు కీర్తనలను మోయుచున్న పెట్టె అదే. వియెర్న్ ఎవరికొరకు ఆ పుస్తకము వ్రాసెనో ఆ ఫ్రెంచి పల్లె వాద్యకులును, మన గ్రామ సంఘముల వాద్యకులును ఒకే వాద్య కుటుంబపు బిడ్డలు.

శ్రమల కొలిమి

ఇక ఆయన శ్రమలను గూర్చి చెప్పవలెను. 1899లో ఆయనకు వివాహమాయెను. ఆ కాపురము నిలువలేదు. 1909లో విడాకులతో ముగిసెను. అంతకుముందు 1906లో పారిస్ వీధిలో పడిపోయి కాలు విరుగగొట్టుకొనెను. కాలు తీసివేయవలసి వచ్చునేమో అని వైద్యులు భయపడిరి. కాలు దక్కినది గాని, పాదములతో వాయించు విద్యను మరల మొదటినుండి నేర్చుకొనవలసి వచ్చెను. మరుసటి సంవత్సరము టైఫాయిడ్ జ్వరము ఆయనను మరణ ద్వారమువరకు తీసికొనిపోయెను.

1911 మార్చి నెలలో తల్లి మరణించెను. కొలది దినములకే గురుతుల్యుడైన గిల్మాన్ మరణించెను. గిల్మాన్ స్థానము, ఏండ్ల తరబడి జీతము లేక సహాయము చేసిన వియెర్న్‌కు దక్కునని పలువురు తలంచిరి. అది వేరొకరికి పోయెను. ఆ సంవత్సరముననే ఆయన మూడవ సింఫనీ వ్రాసెను. 1913లో, హార్మోనియం పుస్తకము వ్రాసిన సంవత్సరముననే, కుమారుడు ఆంద్రే పదేండ్ల వయస్సున క్షయవ్యాధితో మరణించెను.

తరువాత మొదటి ప్రపంచ యుద్ధము వచ్చెను. ఉన్న కొద్ది చూపును గ్లాకోమా అను నేత్రరోగము హరింపసాగెను. 1916లో వైద్యముకొరకు స్విట్జర్లాండుకు వెళ్ళెను. కొద్ది నెలలలో తిరిగి వచ్చెదనని వెళ్ళినవాడు నాలుగు సంవత్సరములు అక్కడనే ఉండిపోయెను. నెలల తరబడి చీకటి గదిలో ఉండవలసి వచ్చెను. ఆ కాలముననే, 1917 నవంబరులో, పెద్ద కుమారుడు జాక్ సైన్యములో నుండగా మరణించెను. వయస్సు 17 ఏండ్లు. మైనరు గనుక సైన్యములో చేరుటకు తండ్రి అనుమతి కావలసియుండగా ఆ కాగితముపై వియెర్న్ సంతకము చేసియుండెను. ఆ బాలుని మరణము శత్రువు తుపాకి వలన కలిగినది కాదని తరువాతి పరిశోధకులు చెప్పుదురు. తండ్రి గుండెలోని భారము ఎట్టిదో మనము ఊహింపవచ్చును. 1918 మే నెలలో, తానును ఆర్గనిస్టే అయిన తమ్ముడు రెనే యుద్ధములో హతుడాయెను.

కుమారుని జ్ఞాపకార్థము ఆయన పియానో, తంత్రీ వాద్యములకొరకు ఒక పెద్ద రచన చేసెను. దేవాలయమునకు సమర్పించు మ్రొక్కుబడి కానుకవలె దానిని కుమారునికి అంకితము చేసెను. అందులో ఓదార్పు సులువుగా దొరకదు. యోబు మిత్రులు ఏడు దినములు మౌనముగా కూర్చున్నట్లు, వినువాడును మౌనముగా వినవలసిన సంగీతమది.

ఈ సంగతులను చెప్పునప్పుడు మేము ఒక శోధనను గుర్తించుచున్నాము. శ్రమ వచ్చినది, విశ్వాసము గెలిచినది, అంతయు చక్కబడినది అని తేలికగా చెప్పి ముగించు శోధన అది. వియెర్న్ జీవితములో అంతయు చక్కబడలేదు. విరిగిన కాపురము తిరిగి కట్టబడలేదు. నోత్రదామ్‌లో తనకు బదులు వాయించిన పాత శిష్యుడు మార్సెల్ దుప్రేతో ఆ స్థాన నామము విషయమై వచ్చిన భేదము వారి స్నేహమును తెంచివేసెను. ఆయన చేదుతనము తెలిసినవాడు, గాయపడినవాడు. యబ్బోకు రేవున యాకోబు ఆశీర్వాదము పొందినను కుంటుచునే నడచెను గదా. ఆశీర్వాదముతోపాటు కుంటితనము ఉండవచ్చునని లేఖనమే మనకు నేర్పుచున్నది.

పాడుపడిన ఆర్గన్‌ను బాగుచేయుట

1920లో ఆయన పారిస్‌కు తిరిగి వచ్చునప్పటికి చేతిలో ధనము లేదు. ఆర్గన్ కూడ దుమ్ముతోను, ఎండ వానల మార్పులతోను చెడిపోయి దీనస్థితిలో నుండెను. ఆయన ఐరోపా దేశములు తిరిగి కచేరీలు చేసెను. 1927లో మూడు నెలలు ఉత్తర అమెరికాలో పర్యటించెను. తన ఆర్గన్ మరమ్మతునకు ధనము సమకూర్చుట ఆ పర్యటన ఉద్దేశములలో ఒకటి. కన్నులు కనబడని మనిషి, 56 ఏండ్ల వయస్సున, దేవాలయపు వాద్యముకొరకు సముద్రము దాటి ఊరూర వాయించెను. 1932 జూన్ 10న బాగుచేయబడిన ఆర్గన్ ప్రతిష్ఠ జరిగినప్పుడు వృద్ధ గురువు విదోర్, శిష్యుడు వియెర్న్ కలిసి దానిని వాయించిరి. 1901లో సాన్ సుల్పీస్‌లో కలిసి వాయించినవారే ఇద్దరును.

చివరి సాయంకాలము

1937 జూన్ 2వ తేదీ సాయంకాలము వియెర్న్ నోత్రదామ్‌లో కచేరీ చేసెను. అది ఆయన 1750వ కచేరీ అని చెప్పుదురు. దేవాలయము జనులతో నిండియుండెను. ప్రక్కన స్టాపులు లాగుచు సహాయముగా నిలిచినవాడు ద్యురుఫ్లే. వియెర్న్ తాను రచించిన త్రిపుటి అను రచనను వాయించెను. దాని చివరి భాగము మృతుడైన ఒక పసిబిడ్డకు సమాధి శిలవంటి సంగీతము. ఇద్దరు కుమారులను పాతిపెట్టిన తండ్రి వాయించిన కడపటి పుట అదే.

తరువాత, అప్పటికప్పుడు ఇచ్చిన రాగముపై అల్లి వాయింపవలసియుండెను. బ్రెయిల్ లిపిలో వ్రాసిన రాగమును ఆయన చేతికి అందించిరి. వ్రేళ్ళతో తడవి చదువుకొనెను. స్టాపులు ఎన్నుకొనెను. అంతలో అకస్మాత్తుగా ముందునకు ఒరిగెను. ఆయన పాదము క్రింది మెట్టుపై పడగా ఒకే ఒక లోతైన స్వరము ఆ విశాల దేవాలయమంతట మ్రోగెను. క్రింద ఉన్న ప్రజలు వాద్యము ఆరంభమగుచున్నదని తలంచిరి. ఆ స్వరము సాగుచుండగా ఆయన స్పృహ కోల్పోయెను. తిరిగి లేవలేదు. వయస్సు 66 ఏండ్లు. నోత్రదామ్ ఆర్గన్ యొద్దనే ప్రాణము విడువవలెనని ఆయన ఎంతోకాలముగా కోరుకొనుచుండెడివాడు. పారిస్‌లోని మోంపర్నాస్ శ్మశానమున ఆయన సమాధి చేయబడెను.

ఆ రాత్రి ప్రక్కన నిలిచిన ద్యురుఫ్లే తరువాత 1947లో వెలువరించిన రెక్వియం అను మృతుల ఆరాధన సంగీతము లోకప్రసిద్ధమైనది. 2019 ఏప్రిల్ 15న నోత్రదామ్ పైకప్పు కాలి కూలినప్పుడు ఆ ఆర్గన్ అగ్నిలో కాలలేదు. దాని గొట్టములు విషపూరితమైన సీసపు ధూళితో నిండగా, వానిని విప్పి, శుభ్రపరచి, మరల అమర్చిరి. 2024 డిసెంబరు 7న దేవాలయము తిరిగి తెరువబడినప్పుడు ఆర్చిబిషప్పు ఎనిమిది మారులు ఆర్గన్‌ను పిలిచి మేల్కొల్పగా, అది ప్రతిమారు స్వరములతో బదులిచ్చెను. వియెర్న్ ఊరూర తిరిగి కాపాడిన వాద్యము ఇంకను ఆరాధనలో పలుకుచున్నది.

మన సంఘములకు ఒక మాట

శతవార్షికోత్సవ దినములలో మనము కట్టిన గుడులను, బడులను, ఆసుపత్రులను లెక్కించుకొనుచున్నాము. ఈ నూరేండ్లు మన కీర్తనలకు శ్రుతి పట్టినవారిని కూడ లెక్కింతుమా? ప్రతి సంఘమును తన వాద్యకుల పేరులను, గాయకబృందమును నడిపినవారి పేరులను వృద్ధులను అడిగి సంఘ పుస్తకములో వ్రాసి ఉంచవలెనని మా మనవి. వాద్యకునికి ఇచ్చు గౌరవవేతనము కమిటీ పద్దులలో చివరి వరుసలో మిగులు సొమ్ముగా ఉండకూడదు. చూపు లేని బిడ్డ మన సంఘములో ఉన్నయెడల, వానికి దయగా నాలుగు రూకలు ఇచ్చి ఊరకుండక, శిక్షణ ఇప్పించి ఆరాధనలో చోటు ఇయ్యవలెను. పారిస్‌లోని ఆ అంధ విద్యాలయము చేసినది ఇదే. దాని ఫలమును నోత్రదామ్ 37 ఏండ్లు అనుభవించినది.

ఇంకొక సంగతి. ఇంట పోరు కలిగినవారు, బిడ్డను పోగొట్టుకొన్నవారు, ఒకరితో మాట పట్టింపు తీరనివారు మన గాయకబృందములలోను, మన వరుసలలోను ఉన్నారు. దుఃఖము తీరిన తరువాతనే వచ్చి సేవ చేయుమని మనము వారితో అనరాదు. వారిని వారి పీట మీదనే కూర్చుండనిచ్చి, వారు వాయించుచుండగా మనము పాడవలెను. వారి స్వరములోని వణకును ప్రభువు ఎరుగును.

వచ్చు నూరేండ్లలోను మన ఆరాధనలలో శ్రుతి ఆగకుండునట్లు, కనబడని చోట కూర్చుండి సేవ చేయువారిని ప్రభువు బలపరచునుగాక. ఆమేన్.